మేకులు చేసిన కమ్మరి

మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాటకానికి ఏ వేషగాడైనా దొరుకుతాడు గానీ కమ్మరి వేషానికి మనిషి దొరకడు. ఆ వేషం కట్టినవాణ్ణి మళ్లీ గుడ్ ఫ్రైడే దాకా ఊరంతా 'మేకులోడు' అనే పిలుస్తుంది. అందుకే ఏటా చీటీలు వేస్తాం. చీటీ తగిలినవాడు ఏడుపు మొహం పెడతాడు, మిగతావాళ్లం పడీపడీ నవ్వుతాం.

నాటకం మా నాన్న, మా బాపు, దాచుకున్న పాత నవలలోది. రోమా రాజ్యం నాటి కథ. యేసును సిలువకు కొట్టిన మేకులు తాను చేసినవేనని తెలిసిన కమ్మరి కొలిమి వదిలేసి దేశాలు తిరుగుతాడు. చివరికి మరియమ్మ ముందు మోకరిస్తాడు. "నా కొడుకు నిన్ను క్షమించాడు, నేనూ క్షమించాను" అంటుందామె. బాపు పోయాక నాటకం ఆడించేది నేనే. ఈ ప్రిస్కిల్లా అంటే అందరికీ హడలు. ఉండనీ, హడలు లేకపోతే ఒక్కడికైనా మాటలు నోటికొస్తాయా? మరియమ్మ వేషం మాత్రం ఎప్పుడూ మా కన్నతల్లి సాయవ్వదే, మేం అవ్వ అంటాం.

ఈసారి చీటీలు వేయకముందే వెనక వరసలోంచి మొగిలి లేచాడు.

"గా కమ్మరి వేషం నాకియ్యుండ్రి."

నా ఒళ్లు మండిపోయింది. జమ్మికుంట రోడ్డు మీద మొగిలి తాగి నడిపిన ట్రాక్టర్ కిందే మా తమ్ముడు స్టీఫెన్ పోయాడు. మొగిలి శిక్ష అనుభవించి వచ్చాడు. జైల్లో బైబిల్ పట్టాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ప్రతి ఆదివారం వస్తాడు గానీ ప్రభు బల్ల వేళకు, రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, బయటికి వెళ్లిపోతాడు. చనిపోయినవాడి ఇంటివాళ్లు సంఘం ముందు అతన్ని క్షమించి సమాధానపడితే తప్ప అతనికి రొట్టె లేదు. అది మా కట్టుబాటు. నేను పడనంటే పడనన్నాను. అవ్వ ఎటూ చెప్పలేదు.

"నాటకం పేరు మీద మా అవ్వ నోట గా క్షమించిన మాట అనిపిచ్చుకుందామని సూస్తున్నవా? మస్తు ఉషారున్నవ్‌రా!" అన్నాను.

"అట్ల గాదక్కా. గా వేషం నాదే," అన్నాడు తలొంచుకుని.

పాస్టర్ ప్రేమ్‌చంద్ గారు చీటీలు పక్కన పెట్టి అవ్వవైపు చూశారు. అవ్వే తేల్చేసింది. "కట్టనియ్యి బిడ్డా. చీటీల లొల్లి తప్పుతది."

రిహార్సల్స్‌లో అవ్వ అన్ని మాటలూ చెప్పేది, ఆ ఒక్కటి తప్ప. "గది గప్పుడు అంట తియ్యి" అనేది. ఆ రోజు నిజంగానే అనేస్తుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

శుక్రవారం చర్చి నిండిపోయింది. చివరి ఘట్టంలో మొగిలి మోకరించి, "అమ్మా, ఆ మేకులు చేసింది నేనే" అనాలి. అతని నోట వేరే మాట వచ్చింది.

"అవ్వా, స్టీఫెన్ నాకు కనవడలేదని కోర్టుల చెప్పిన. అబద్ధం. కనవడ్డడు. ఆగుమని చెయ్యెత్తిండు. మత్తుల నేనే ఆపలే."

తమ్ముడు చెయ్యెత్తాడని మాకు ఇన్నేళ్లూ తెలియదు. తెర తాడు నా చేతిలోనే ఉంది. లాగేసి వాడి గొంతు పిసకాలనిపించింది. కానీ లాగలేదు.

అవ్వ అతని తలవైపే చూస్తూ నిలబడింది.

"నా కొడుకు నిన్ను క్షమించిండని నేనెట్ల చెప్పాలె? వాన్నడిగి రాలే గద," అంది. మొగిలి భుజాలు కుంగిపోయాయి. "నా సంగతి చెప్త ఇను. నిన్ను చూస్తే నా కడుపు రగుల్తది. రేపు గూడ రగుల్తది. అయినా ఆదివారం రొట్టె కాడికి రా. నా పక్కపొంటి మోకరించు. నేనైతే జాగల నుంచి కదల."

పాస్టర్ గారు కళ్లు తుడుచుకుని, తల్లి మాట చాలన్నారు. నాకు మాత్రం మొగిలి మీద కన్నా అవ్వ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఇంటికెళ్లాక ఆ మాటే అన్నాను. "కోపం ఉంటే ఉండనీ, నువ్వు గూడ రా" అంది.

ఈస్టర్ నాడు అవ్వకు ఒక పక్క మొగిలి, ఇంకో పక్క నేను మోకరించాం. పాస్టర్ గారు రొట్టె ఇస్తుంటే మొగిలి చేతులు సగం చాచి ఆగిపోయాడు. అవ్వ అతని చేతుల కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది. రొట్టె అందేదాకా తియ్యలేదు. నేను మొగిలిని ఇంకా క్షమించలేదు, అబద్ధమెందుకు? నా వంతు వచ్చేదాకా అక్కడే ఏడుస్తూ మోకరించి ఉన్నాను.