నీళ్లు పడని రోజు

బోరు లారీ పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. తెల్లటి రాతిపిండి తప్ప తడి అన్నది పైకి రాలేదు. మధ్యాహ్నం దాటాక డ్రైవరు చేతులూపి మిషను ఆపేశాడు. కంబదూరు పక్క చేలల్లో ఇది కొత్తేమీ కాదు. ఈ నేలకు నీళ్లివ్వడం ఏ సర్కారుకూ చేతకాలేదు గానీ, ఊరికి బెల్టు షాపు మాత్రం ఎవరూ అడక్కుండానే వచ్చింది.

హేమావతి బువ్వ క్యారియర్ పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయింది. నిన్న ఇంటర్ ఫలితాలొచ్చాయి. లెక్కల్లో తప్పింది. నీళ్లు పడితే ఆ సంతోషంలో నాయనకు చెబుదామనుకుంది. ఇప్పుడెలా చెప్పేది? కిందటి బోరు పోయిన నాడు నాయన ఎర్రిస్వామి తాగొచ్చి చేసిన రభసకు తనూ అమ్మా ఎండిన చెనక్కాయ కట్టె వామి వెనక దాక్కున్నారు. ఆ తర్వాతే ఆయన అనంతపురం ఆసుపత్రిలో ఉండి మందు మానేసి వచ్చాడు. మానేశాక పోయిన మొదటి బోరు ఇది.

మేనమామ కుళ్లాయప్ప వచ్చి ఎర్రిస్వామి భుజం మీద చెయ్యేశాడు.

“బోరు సచ్చిపాయ బావా. దినం చేయొద్దా? రా, పోదాం.”

“నువ్వు చేసుకో పో. నేను రాను.”

“ఏమప్పా, ఇంత దెబ్బ తగిలినాక కూడా తాగకుంటే మనిషివేనా?”

“తాగితే ఈడ నీళ్లు పడతాయా? పడతాయంటే చెప్పు, వస్తా.”

కుళ్లాయప్ప గొణుక్కుంటూ బండెక్కి పోయాడు. ఆ బండి కనపడినంత సేపూ ఎర్రిస్వామి అటే చూశాడు.

“ఇంటికాడ తిందాం పాపా,” అని ఆయన నడిచాడు. ఆమె వెనకే పోయింది. రోడ్డెక్కాక కుడికి తిరిగితే బెల్టు షాపు. నాయన ఆ మలుపులో ఆగాడు. ఆమె కూడా ఆగింది. ఆయన తువ్వాలుతో మొహం మీది రాతిపిండి తుడుచుకుని ఎడమకు, ఇంటి వైపు తిరిగాడు.

వాకిట్లో అమ్మ మారెక్క ముందు ఆయన నోటి వాసన చూసింది. తర్వాతే మొహం చూసింది.

“నీళ్లు పడలేదు మారెక్కా. ఆడే వేయాలని మొండికేసింది నేనే. తప్పు నాదే,” అన్నాడు, చెప్పులు విడవకముందే.

“భూమి కడుపులో ఏముందో నీకెట్ల తెలుస్తాది? కూర్చో, సంగటి తిందువు.”

అంతే. ఎవరూ అరవలేదు. గిన్నెలు ఎగరలేదు. ఓడిపోయిన మాటను ఇంట్లో ఇంత మామూలుగా చెప్పుకోవచ్చని హేమావతి మొదటిసారి చూసింది.

“నాయనా, నేను లెక్కల్లో ఫెయిలైనా. నిన్ననే తెలిసె,” అనేసింది.

ఎర్రిస్వామి చేతిలో ముద్ద ఆగింది. “నిన్న తెలిస్తే ఈ పొద్దు చెప్తాండావా?”

“బోరు పోతే తాగుతావేమో, ఇది కూడా ఎందుకని భయమాయ.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు.

“మళ్లా రాయనిస్తారా?”

“వచ్చే నెల్లో రాయొచ్చు.”

“అయితే నాకంటే నువ్వే మేలు. నన్ను మళ్లా రా అని ఆ రాయి పిలవదు.”

మారెక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మామ పిలిస్తే పోవాలనిపించలేదా నాయనా?”

“అనిపించె. ఇప్పుడూ అనిపిస్తాండాది.” కంచం ముందుకు జరిపాడు. “ఇంకో ముద్ద వెయ్యి. నువ్వూ పెట్టుకో. నిన్నటి నుంచి సరిగ్గా తిన్లేదు నువ్వు.”

హేమావతి కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది.