లంకలో గెడ, చంద్రుడి మీద జెండా

కోటేశ్వరమ్మకి కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. రేపు కొల్లూరులో పెద్దలు కూర్చుంటున్నారు. నిరుడు వరద దిగాక కృష్ణలో లేచిన కొత్త లంక ఆవిడదా, మరిది బసవలింగానిదా అన్నది రేపే తేలిపోతుంది. మరిది అప్పుడే రేపల్లెలో ప్లీడర్ని మాట్లాడుకున్నాడట. ఈవిడ ప్లీడరు, తెనాలి నరసింహారావు, "బాపట్లలో నా ఉపన్యాసం ఉందమ్మా, అయ్యాక నీ సంగతి చూద్దాం" అని ఇక్కడికి రప్పించి, చంద్రుడి గురించి దంచేస్తున్నాడు!

పక్కన, ఆవిడ పొలంలో కూలికొచ్చే అన్నమ్మ నోరు తెరుచుకుని వింటోంది. మొన్న కార్తీకంలో, లంక తనదని గుర్తుగా కోటేశ్వరమ్మ పాతిన వెదురు గెడని నెత్తిన మోసుకొచ్చింది అన్నమ్మే. రేపటికి ఉన్న ఒక్క సాక్షీ అన్నమ్మే.

"జులైలో అమెరికా వాళ్ళు చంద్రుడి మీద జెండా పాతారు. అంతమాత్రాన చంద్రుడు వాళ్ళ సొంతమా? కాదు! రెండేళ్ళ కిందటే దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. అమెరికా, రష్యా కూడా సంతకం పెట్టాయి. జెండా పాతినా, కాపరం పెట్టినా ఏ దేశానికీ సొంతం కాదు. అక్కడికి వెళ్ళి చూసే హక్కు అందరిదీ!"

చప్పట్లు మోగాయి. కోటేశ్వరమ్మకి ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, "అయితే నా గెడ సంగతేంటండీ?" అనేసింది.

హాలంతా గొల్లుమంది. ప్లీడరు కూడా నవ్వాడు. "చంద్రుడు వేరు, లంక వేరమ్మా. ముందు గెడ పాతినవాళ్ళదే లంక అని మీ ఊరి కట్టుబాటు. నీకు సాక్షి ఉంది, ధైర్యంగా వెళ్ళు."

తిరుగు రైల్లో అన్నమ్మ అడిగింది. "అమ్మగారూ, అందరిదీ అంటే మాదీనా అండీ?"

"ఏంటే, చంద్రుడా?"

"లంకండి. నిరుడు మేం రెల్లు కోసుకుని ఇళ్ళు కప్పుకున్నాం. తమరు గెడ పాతాక రానివ్వట్లేదు గదా."

ఎవరైనా విన్నారేమోనని కోటేశ్వరమ్మ పెట్టె అంతా కలియజూసింది. అంతకుముందు ఎవరి కొడవలీ ఆడని లంకలోనే గెడ చెల్లుతుంది. అదీ కట్టుబాటే.

"నోర్ముయ్! రేపు ఆ మాటెత్తావంటే చూడు!" అని, తెనాలి వచ్చేదాకా కిటికీ తీస్తూ మూస్తూ కూర్చుంది.

మర్నాడు పెద్దల ముందు అన్నమ్మ, "ముందు పాతింది అమ్మగారేనండి" అంది. బసవలింగం మొహం మాడిపోయింది. అన్నమ్మ అక్కడితో ఆగితేనా! "నిరుడు మేం అందులో రెల్లు కోసుకున్నామండి" అని కూడా చెప్పింది.

పెద్దాయన వెంకటప్పయ్య ఇటు తిరిగాడు. "నిజమేనా కోటేశ్వరమ్మా?"

కాదంటే చాలు. ఈవిడ మాట ముందు అన్నమ్మ మాట ఎవరు పట్టించుకుంటారు? 'కాదు' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రెల్లు మోపులు తన వాకిలి ముందునుంచే పోయాయి. అన్నమ్మ బతిమాలుతున్నట్టు కూడా చూడట్లేదు, ఊరికే చూస్తోంది.

"నిజమే బాబాయ్. నా కళ్ళతో చూశాను."

లంక ఎవరికీ రాలేదు. రెల్లు ఎవరైనా కోసుకోవచ్చన్నారు పెద్దలు. కోటేశ్వరమ్మ విసవిసా ఇంటిదారి పట్టింది. వెనకాలే అన్నమ్మ వచ్చింది.

"అమ్మగారూ, రేపు కోసుకోమంటారా?"

"నన్నడుగుతావేంటే! నాదా అది?" అని అరిచింది కోటేశ్వరమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.