కుడి చెవి కోసం

మళ్ళీ కొట్టాడు హారను, ముందర మనిషి లేడు, బర్రె లేదు, అయినా కొట్టాడు, ఈ శ్రీవత్సకు చెయ్యి ఊరుకోదు, రేపు పులివెందులలో కొడుకు ఉపనయనం, ప్రొద్దుటూరులో కారెక్కేటప్పుడే చెప్పింది సీతాలక్ష్మి, పిల్లోడుండాడు, హారను కొట్టగాకు అని, సరే వదినా అన్నాడు, మరిది కదా, అనడం వరకు బంగారం, ఊరు దాటకముందే మొదలుపెట్టాడు, కొట్టినప్పుడల్లా పక్కనున్న ప్రణవ్ భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, ఎనిమిదేళ్ళ పిల్లవాడి చెవులను మూసే ఆ నల్లటి పెద్ద కప్పులున్నా సరే లేస్తున్నాయి, పక్కింటి ఆరిఫ్ నాపరాయి గనిలో పెట్టుకునే కప్పులవి, ఇవి పెట్టక్కా, బాంబు పేలినా ఇనపడదు అని ఇచ్చాడు, బాంబు సంగతి తెలియదు కానీ శ్రీవత్స హారను మాత్రం లోపలికి దూరుతోంది, డాక్టరు చెప్పాడు కదా, ఇది గారాబం కాదమ్మా, మనకు చప్పుడుగా ఉండేది వాడికి సూది గుచ్చినట్టు ఉంటుంది అని, ఎవరికి అర్థమైంది, అందరూ తలలూపారు, అంతే.

జమ్మలమడుగులో అత్తయ్య ఎక్కింది, ఎక్కీ ఎక్కగానే, ఏందే సీతా ఇది, రేపు ఒడుగు పెట్టుకొని ఈడు పాటలు యింటాండాడా అంది, పాటలు కాదత్తయ్యా, చప్పుడు పడకుండా పెట్టినా అంటే మూతి తిప్పింది, పోయినసారి దూది పెడితేనేమో శవానికి పెట్టినట్టు ఏందది తీసెయ్ అని లాగేసింది, దూది తప్పు, కప్పులు తప్పు, పిల్లాడి చెవులే తప్పు, పైగా ఏసీ నాకు పడదురా, అద్దాలన్నీ దించు అంది, దించాడు శ్రీవత్స, అమ్మ మాట జవదాటడు, ముద్దనూరు రోడ్డు గాలంతా ఒక్కసారిగా లోపలికి దూకింది, వెనకనుంచి బండరాళ్ళ లారీ గొలుసులు లాగుతూ పక్కకు వచ్చింది, ప్రణవ్ కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె కొంగులోకి దూరాడు, కప్పుల మీద తన చేతులు పెట్టి నొక్కింది, ఇంకేం చేయగలదు, ఒళ్ళు మండిపోతోంది ఆమెకు.

చుట్టాలమ్మాయి సింధు పెళ్ళిలో ఇట్లాగే, తాళి కట్టే వేళ గట్టిమేళం, గట్టిమేళం అని అరిచారు, డోళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి, చూస్తే పక్కన వీడు లేడు, చివరికి వంటవాళ్ళ బెంచీ కింద దొరికాడు, చెవులు మూసుకుని, మరుసటి రోజంతా తనతో కూడా మాట్లాడలేదు, రేపు అట్లా అయితే, ఒడుగంటే హడలిపోతాడనుకుంటే వీడు సంబరపడుతున్నాడు, నాన్న పట్టుగుడ్డ కప్పుకొని మెల్లగా మంత్రం చెప్తాడు గదమ్మా, ఒక్క నా కుడి చెవిలోనే గదా, ఇంకెవురికీ ఇనపడదు గదా అని రోజూ అడుగుతున్నాడు, లోకంలో ప్రతి చప్పుడుకూ భయపడే పిల్లవాడు ఈ ఒక్క చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాడు, అది కూడా పాడుచేస్తే ఇక ఏ మాటకు చెవి ఇస్తాడు వీడు.

ఫోను మోగింది, పులివెందుల నుంచి ఆయనే, దక్షిణామూర్తి, యాడుండారు అన్నాడు, వస్తాండాం అంది, అటూ ఇటూ నీళ్ళు నమిలి, మేళం మాట్లాడేసినాం సీతా, నయీం వాళ్ళు రేపు పొద్దున్నే వస్తాండారు, సన్నాయి, రెండు డోళ్ళు, వద్దంటే నాయన ఒప్పుకోలే, ఏం చెయ్యమంటావు అన్నాడు, మేళం వద్దని ఒట్టు పెట్టించుకుంది ఈయన చేత, కన్నకొడుకు బెంచీ కింద దూరింది కళ్ళారా చూసిన మనిషి, మామయ్య గొంతు పెంచితే కరిగిపోయాడు, ఆమె బదులిచ్చేలోపే, ఫోనులో మాటలు విన్న అత్తయ్య అందుకుంది, మేళం లేకుండా ఒడుగేందే, ఉపదేశం యాళకు గట్టిమేళం మోగాల, ఎవురన్నా తుమ్మినా, ఏడ్చినా, పాడుమాట అన్నా పిల్లోడి చెవిన పడగూడదనే గదా పెద్దోళ్ళు పెట్టిండేది.

చెవిన పడగూడదని, ఏమన్నది ఈమె, చెవిన పడగూడదనా, అంటే ఆ పెద్దవాళ్ళు కూడా తనలాగే ఒక పిల్లాడి చెవికి అడ్డం నిలబడ్డవాళ్ళేనా, వాళ్ళ చేతికి డోలు దొరికింది, తనకు ఆరిఫ్ కప్పులు దొరికాయి, ఇన్నాళ్ళూ ఆచారానికి ఎదురు తిరుగుతున్నానని లోలోపల గిలగిలలాడింది, ఎందుకు, ఎవరికి భయపడి, ఏమండీ అంది ఫోనులో, గొంతు తనదేనా అన్నంత నిదానంగా, మేళం వాళ్ళను పిలిచినారు కాబట్టి రానీండి, కడుపునిండా అన్నం పెట్టండి, ఉపదేశం ముందరా, ఉపదేశమప్పుడూ మాత్రం డోలు మీద పుల్ల పడితే నేను పిల్లోణ్ణి పీటల మీదికి తీసుకురాను, ఇది మీ నాయనకు మీరే చెప్పండి, చెప్తాలే అన్నాడు ఆయన, శ్రీవత్స అడగకుండానే అద్దాలు ఎక్కించాడు, ఏసీ పడదన్న అత్తయ్య మనవడి ముఖం చూసి తన కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది, కొంగులోంచి ప్రణవ్ ఒక కన్ను తెరిచాడు, వాడి తల నిమురుతూ కూర్చున్న సీతాలక్ష్మికి ఒక్కటే తిరుగులేకుండా తోచింది, అశుభం వాడి చెవిన పడకూడదన్నదే ఆచారమైతే, వీడి చెవికి గట్టిమేళమే అశుభం.