నీలం కింద ఇల్లు

...అంచుల దగ్గర ఇంకాస్త పలచగా వేసి ఉండాల్సింది, ఒడ్డున నీళ్లు అంత లోతుండవు కదా, నడిమధ్య ఎంత ముదురు నీలమో చివర కూడా అంతే కొట్టేస్తే అది చెరువులా ఉండదు, ఎవరో సిరా ఒలకబోసినట్టుంటుంది, పైగా ఈ హాల్లో లైట్లు తెల్లగా మండిపోతున్నాయి, వాటి కింద ఏ లోపమూ దాగదు.

మూడో వరసలో భార్య పక్కన కూర్చుని అతను తన పనికి తానే వంకలు పెట్టుకుంటున్నాడు. వేదిక మీద, అతను అట్టతో కట్టిన రేపటి ఊరి నమూనా పక్కన నిలబడి అతని చెల్లెలు మాట్లాడుతోంది. మేయరు పదవికి పోటీ చేస్తున్నది ఆమే.

ఆమె మాటలు చెవిన పడుతున్నాయి గాని బుర్రకెక్కడం లేదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఆమె ఏదో చెబుతూ ఉంటే అతను ఇంకేదో ఆలోచిస్తూ తలూపేవాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టేసుకుని వెళ్లిపోయేది. ఇప్పుడూ తలూపుతూనే ఉన్నాడు. గెలిస్తే ముందు చేసే పనేమిటి, రోడ్లా, బస్సులా, పిల్లల బడులా అని అందరూ అడుగుతున్నారట. అవన్నీ తర్వాతేనట. ముందు వాననీటి సంగతి తేలాలట. నాలుగు చినుకులు పడితే చాలు, మంచాలెక్కి కూర్చునే పల్లపు వీధుల జనాన్ని మెరకకు చేర్చి, ఆ పల్లాన్ని నీటికే వదిలేయాలట.

ఆమె చేతిలో కర్ర కదిలింది. స్టేషను దగ్గర బయల్దేరి, వంతెన దాటి, కాలవ వెంట ఒక మలుపు తిరిగి, రెండో మలుపు కూడా తిరిగి నీలం మీద ఆగింది.

అతని తల ఊగడం ఆగిపోయింది.

వంతెన దాటాక రెండో మలుపు. రోజూ సైకిలు మీద తిరిగే మలుపు. అక్కడ పాల దుకాణం, ఆనుకుని బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు, దాని పక్కన తన ఇల్లు. కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకోవాలనిపించి బూట్లను గట్టిగా అదిమాడు.

ఇంట్లో ముందుగది ఇరుకు కాబట్టి నమూనాను ముక్కలుగా చేశాడు. చెల్లెలి మనుషులు పంపిన ప్లానుల్లో వీధుల పేర్లు లేవు, గీతలూ అంకెలే. ఇప్పుడున్న ఇళ్లేవీ కట్టొద్దన్నారు, రాబోయేవి మాత్రమే. కాలవ ముక్క మూల చేతికందక, దాన్ని తిప్పి, ఉత్తరాన్ని తన పొట్టవైపు పెట్టుకుని పని చేశాడు. తలకిందులైన మొహాన్ని గుర్తుపట్టలేనట్టే తన వీధిని తాను గుర్తుపట్టలేదు. ముక్కలు కలిపింది వేరేవాళ్లు. మొత్తం ఊరిని ఒక్కచోట చూడడం అతనికిదే మొదలు.

"ఈ నీళ్ల కింద పోయే మొదటి ఇల్లు మా అన్నయ్యది," అంటోంది చెల్లెలు. "ఆ రంగు వేసిందీ మా అన్నయ్యే. తన ఇంటి మీద తన చేత్తో వేసుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్క మాట అనలేదు. మీ ముందుకొచ్చి ఇది అడిగే ధైర్యం నాకు అక్కడే వచ్చింది."

హాలంతా చప్పట్లు. ముందు వరసలు వెనక్కి తిరిగి అతన్ని వెతికాయి. ఎవరో భుజం తట్టారు.

భార్య చప్పట్లు కొట్టలేదు. అతనివైపు తిరగనూ లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

అతను ఆమెవైపు తిరిగాడు.

"నిన్ననే కదండీ కిటికీలకి రంగేయించాను," అందామె, నెమ్మదిగా. "ఇప్పుడొద్దులే అని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది?"

వెనక వరసలోంచి బట్టలు కుట్టే ఆవిడ ముందుకు వంగింది. "ఊరుకో తల్లీ. ఆడపడుచు మేయరమ్మయితే మీకు మేడే కట్టిస్తుంది. మా బోటివాళ్లకే, మీ ఆయన ముందుగా ఓ మాట చెవినేస్తే బాగుండేది."

తెలియదు, అనబోయాడు. నిజంగా తెలియదా? అన్నిటికన్నా చివర ఆ మూలకే ఎందుకు రంగు వేశాడు? కుంచె ఎండిపోయిందని, వెలుతురు చాలదని వాయిదా వేస్తూ వచ్చాడు. కంటికి తెలియంది చేతికి తెలిసిందా? ఆఖరికి వేస్తున్న రోజే చెల్లెలు వచ్చింది. గుమ్మంలో చాలాసేపు నిలబడింది. కళ్లు చెమ్మగిల్లితే రంగు వాసన ఘాటనుకున్నాడు. ఏమీ అనకుండా భుజం మీద చెయ్యివేసి వెళ్లిపోయింది. అలసిపోయి ఉంటుందనుకుని అతను మళ్లీ కుంచె ముంచాడు.

ఆమె చెప్పేది అబద్ధమూ కాదు. మొన్నటి వానకు తానూ భార్యా మంచం మీదే అన్నం తిన్నారు. అడిగి ఉంటే సరేననేవాడేమో. అడగలేదు. ఇక్కడ, ఇంతమందిలో, అతనే సరేనన్నట్టు ఆమె చెప్పేసింది. కాదంటే ఆమె మొదటి మాటే కూలిపోతుంది, దానితో ఎన్నికా పోతుంది. ఊరుకుంటే, అన్నీ తెలిసి దాచిన మనిషిగా ఈ పక్కనున్న మనిషితో బతకాలి.

"ఎవరికైనా ఏదైనా అడగాలనుందా?" అంది చెల్లెలు.

ఆమె చూపు వరసలు దాటుకుంటూ వచ్చి అతని మీద నిలిచింది. చిన్నప్పటి చూపే అది, ఊఁ అను అన్నయ్యా అన్నట్టు.

అతని కుడిచెయ్యి జేబులో ఉంది. గోళ్ల సందుల్లో నీలం ఎంత రుద్దినా పోలేదు, అందుకే వచ్చినప్పట్నుంచీ దాచుకున్నాడు. పక్కన భార్య ఊపిరి వినిపిస్తోంది.

జేబులోంచి చెయ్యి తీసి, ప్రశ్న అడిగేవాడిలా పైకెత్తాడు. దండం పెడుతున్నాడనుకుని జనం మళ్లీ చప్పట్లు మొదలుపెట్టారు. అవి ఆగేదాకా దించలేదు.