బురదకు నరములు

హేమంతర్తువున ప్రాతఃకాలములందు గౌతమీ సాగరసంగమోపాంతమున మంచుతెర మెల్లమెల్లన విచ్చిపోవ, పాటుతో సముద్రజలము వెనుదీసిన యుప్పుటేటి కిరుప్రక్కల మడచెట్ల వేళ్లు బురదనుండి పైకి పొడుచుకొనివచ్చి కనుపించుచుండ, తడిసిన యా పంకతలముపై తుప్పువన్నె పొర యొకటి బాలసూర్యకిరణములకు మెఱయుచుండును. చూచువారి కది వట్టి బురదయే. కాని యా పొరక్రింద వెండ్రుకకంటె సన్ననివై వ్రేలి వెడల్పు లోతువఱకు నిలువునం దిగిన సూక్ష్మజీవుల గొలుసులు అడుగుననున్న గంధకమువలన గలిగిన విద్యుత్తును పైనున్న ప్రాణవాయువు చెంతకు రాగితీగెలవలె మోసికొనిపోవునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఆ జీవులను కోరంగి మడలలో కనుగొని తీరుదునని పట్టుబట్టినవాడు ఆచార్య హయగ్రీవరావు. ఆయనకు విద్య మెండు, వినికిడి మాత్రము కొంచెము తక్కువ. చెవులకేమి, లక్షణముగానే యుండెను. తనకంటె తక్కువ చదివినవారి మాట వానిలో దూరెడిది కాదు, అంతే! ఆయన ప్రయోగశాలకు గాజుగొట్టములలో బురద నింపి తెచ్చియిచ్చునది మరిడమ్మ. ముప్పదేండ్లుగా ఉప్పుటేట గుల్లలేరి బ్రదుకు నామె ఏ చోటి బురద మంచిదో పాదము మోపి చెప్పగలదు. తోడి స్త్రీలెల్లరు ప్రతిదినము ఆమె చూపిన చోటనే దిగుచుండిరి. ఆ మాటయే యామె పరువు.

ఒకనా డామె గొట్టములు దింపుచు, ఆచార్యుడు విద్యుత్తును కొలుచు సూదిని గొట్టపు టంచున గుచ్చి, కొలువవలసిన నడిమిచోటికి దానిని పైకి తీయకయే బురదలో ప్రక్కకు జరుపుచుండుట చూచి యుండబట్టలేకపోయెను.

“అలా ఈడవకండి బాబుగారూ. మేం గుల్లలకి దిగితే కాలు నిలువుగా దింపి నిలువుగా తీత్తాం. ఈడిత్తే బురదకి నరాలు తెగిపోతాయండి. మూడ్రోజులు కుళ్ళుకంపు కొడతాది.”

“బురదకి నరాలా! ఇంక మెదడు కూడా ఉందేమో వెతుకు!” అని ఆచార్యుడు నవ్వెను. గురువు నవ్వినపిమ్మట శిష్యులు నవ్వక మానుదురా? మరిడమ్మ తలవంచుకొని వెడలిపోయెను.

నెలలు గడచెను. విద్యుత్తు చూపు యంత్రపు ముల్లు కదలదాయెను. తప్పు తనదై యుండునను తలంపు ఆచార్యునకు కలలోనైన రాలేదు. ఒక యుదయమున ఆయన కోపముతో పడవల రేవునకు పోయి, బుట్టలు పట్టి నిలిచిన స్త్రీలందఱు వినుచుండ “దారిలో దొరికిన మట్టి తెచ్చి మడ బురదంటావా? నువ్వట్టి అబద్ధాలకోరువి!” అని కేకలు వేసెను. “నా బిడ్డల మీదొట్టండి, మడలోదేనండి” అని ఆమె రెండుమారులనెను. ఎవరు వినిరి? నాటినుండి ఆమె యిటు దిగుడనిన తోడి స్త్రీలు అటు దిగసాగిరి.

పిమ్మట ఆచార్యుడు జ్వరపడి పదిదినములు మంచము పట్టెను. ఆ దినములలో సుకీర్తి యను శిష్యురాలు, మరిడమ్మ మాట మనసున నాటియుండుటచే, ఎవ్వరును ముట్టక మిగిలిన తుది గొట్టమున సూదిని నిలువుగా గుచ్చి నిలువుగానే తీసి మఱల వేఱొకచోట గుచ్చుచు కొలిచెను. ముల్లు కదలెను! ఆచార్యుడు తిరిగివచ్చి చూచి నమ్మక, పరీక్షింపగోరి తానే సూదిని పూర్వమువలె ప్రక్కకీడ్చెను. ముల్లు సున్నపై వ్రాలెను.

ఔరా! ఏ ప్రాణులకై రేయింబవళ్లు తపించెనో ఆ ప్రాణులనే ప్రతిదినము తన చేతులార తెగగోయుచుండెనే! అయినను ఆ యెఱుక కలిగించిన సిగ్గు చిన్నది. రేవులో తానాడిన మాట తలంపునకు రాగానే ఆయన మొగము కందిపోయెను. శిష్యురాలి కన్నులలోనికి చూడజాలక గోడవైపు తిరిగి నిలిచెను. ఉత్తరము వ్రాసి పంపిన చాలదా యనుకొనెను. సుకీర్తిచే కబురంపిన కాదా యనుకొనెను. సిగ్గు మనుష్యునిచే ఎన్ని దొడ్డిదారులు వెదకించును! తుదకు ఏ దారియు మనసునకు ఊఱట నీయకపోగా మఱునాటి యుదయమున తానే రేవునకు పోయెను.

స్త్రీలందఱు ఒకచో గుమిగూడియుండ మరిడమ్మ వేఱుగా కూర్చుండియుండెను. ఆచార్యుడు చేతులు జోడించి యిట్లనెను.

“మరిడమ్మగారూ, పరిశోధనా విధానంలో జరిగిన అనుద్దేశితమైన సాంకేతిక లోపంవల్ల మీ నమూనాల ప్రామాణికత గురించి ఒక అపోహ ఏర్పడింది. అందుకు చింతిస్తున్నాను.”

స్త్రీలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. మరిడమ్మ మెల్లగా లేచెను.

“ఏమన్నారో మాకు తెలవలేదండి. ఆ రోజు తిట్టినప్పుడు మాత్రం మాకర్థమయ్యేలాగే తిట్టారండి.”

ఆ పలుకు విని ఆచార్యుడు సిగ్గుతో చితికిపోయెను. పాతికేండ్ల చదువు నాలుకపై ఎండిపోయెను. భూమి విచ్చి తన్ను మ్రింగిన బాగుండుననిపించెను. కాని భూమి యట్లు చేయదు గదా; ఎవని మాట వాడే చెప్పుకొనవలయును.

“తప్పు నాది,” అని ఆయన స్త్రీలవైపు తిరిగి యనెను. “ఈవిడ అబద్ధం చెప్పలేదు. ఆ బురద మడలోదే. ఈడవద్దని చెప్పింది. నేను వినలేదు, పైగా నవ్వాను. పాడుచేసింది నేను, మాట పడింది ఈవిడ.”

మరిడమ్మ క్షమించితినని యనలేదు. “ఇప్పుడు తెలిసిందండి” అని మాత్ర మనెను.

అంత నొక ముదుసలి బుట్ట చంకనెత్తుకొని “మరిడీ, ఇయ్యాల ఏ పక్క దిగమంటావే?” అని యడిగెను. మరిడమ్మ కొంగుతో మొగము తుడుచుకొని ఉప్పుటేటి మలుపువైపు చేయి చూపెను. స్త్రీలెల్లరు ఆవైపునకే నడచిరి.

ఒరుల నవమానించునపుడు వెదకకయే దొరకిన తేటమాటలు తన తప్పొప్పుకొనునపుడు దొరకకుండుట చదువునకు గాదు, చదువుకొన్నవానికి తలవంపు. జోడించిన చేతులు విప్పుట మఱచి ఆచార్యుడు రేవుననే నిలిచియుండెను. వెనుదిరిగి ఆయనను చూచినవా రొక్కరును లేరు.