కుట్టు పడకముందే తీసిన సూదులు

పదింటికి కూతురి మౌఖిక పరీక్ష, ఇంటి నుంచే. పరీక్ష పెట్టేవాళ్లు ఐదు నిమిషాలు చూస్తారు. అప్పటికీ కనబడకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ ఏడాదికే. చూపించాల్సిన బొమ్మలన్నీ ఆ పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. ఫోనుతో అయ్యే పని కాదు.

దానికి నెట్ తెచ్చే వైరు కొసన క్లిప్పు విరిగి నెలయింది. తల్లి కుట్టుమిషను తొక్కితే చాలు, బల్ల అదిరి ఊడిపోయేది. మార్చరా అని తన తమ్ముడికి నాలుగుసార్లు చెప్పింది. కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిందీ, వైరే నమ్మకమంటూ వైర్‌లెస్ ఆపి పెట్టిందీ అతనే మరి.

తీరా ఇవాళ, తొమ్మిదీ నలభైకి ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడి నుంచే వైర్‌లెస్‌కి మార్చేస్తానన్నాడు. ఇప్పుడొద్దురా అంది. వినలేదు. ఆ వైరు మీదుగానే కంప్యూటర్లోకి వచ్చి, ముందు ఆ వైరునే ఆపేశాడు. ఇక వైర్‌లెస్ తెరవడానికి అతనికే దారి లేదు.

కూతురు వైరు తీసి మళ్లీ గుచ్చింది. లాభం లేకపోయింది. ఏదో అయినట్టుంది, ఆపి మళ్లీ పెట్టండి అన్నాడు తమ్ముడు. ఆ ముసలి కంప్యూటరు లేచి కూర్చోవడానికి పావుగంట పడుతుంది. తల్లికి ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో తప్పులు ఎవరూ చెయ్యరు, వాటంతటవే అయిపోతుంటాయి. ఫోన్ పెట్టేసింది.

కొలతల పుస్తకం లాగింది. ఎవరివో చేతుల కొలతల కింద, తమ్ముడు ఒకప్పుడు నేర్పిన రెండు వరుసల కమాండ్లు అక్షరం అక్షరం బొమ్మల్లా దించి ఉన్నాయి. ముందు వైర్‌లెస్ ఎక్కించాలి, అది నిలబడ్డాకే వైరు దించాలి. కుట్టు పడ్డాకే గుండుసూదులు తీసినట్టన్నమాట అని అప్పుడే అనుకుంది. కూతురు మొదటి వరుస కొట్టింది, పాస్‌వర్డ్ ఇచ్చింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

తల్లి చేతులు గోడ మీది దేవుడి పటం వైపు లేచి ఆగాయి. పిల్లకి ధైర్యం ఇమ్మని పొద్దున్నే అడిగింది. తమ్ముడి నిర్వాకం కూడా ఆయన నెత్తినే వెయ్యాలా? అయినా జోడించింది.

పదీ మూడుకి వైర్‌లెస్ మీద నెట్ అందుకుంది. కూతురు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

కాసేపటికి మళ్లీ ఫోన్. తల్లి వరండాలోకి వెళ్లి ఎత్తింది.

"కలిసిందా అక్కా? చెప్పాగా, వైర్‌లెస్సే మేలని."

"కుట్టు పడకముందే సూదులు పీకింది ఎవర్రా?"

అటునుంచి నవ్వు వినిపించింది.

"నేనే అక్కా."

"ఆ మాట తొమ్మిదీ యాభైకి అనుంటే సగం కోపం అప్పుడే పోయేది. సాయంత్రం కొత్త వైరు పట్టుకురా. ఉత్త చేతులతో మాత్రం రాకు."

మిగిలిన సగం కోపంతో లోపలికొచ్చి, బల్ల పక్కన వేలాడుతున్న ఆ వైరును ఒక్క గుంజు గుంజింది. ఊడి చేతికొచ్చింది. కూతురి కళ్లు పెద్దవయ్యాయి. మాట మాత్రం ఆగలేదు.