ప్రింటర్ వంతు

లాండ్రీలో ఇస్త్రీ రోలరును ఆపేసి ఉంచారు. ఇస్త్రీ కావలసిన దుప్పట్లు గోడ పొడుగునా కుప్పలు పడి ముక్కవాసన కొడుతున్నాయి. రోలరు పక్కన చతికిలబడి ఆ రోలరు కంపెనీ తరఫున వచ్చిన మరిది దాని కంట్రోలు పెట్టె విప్పుతుంటే, వదిన నిలబడి చూస్తోంది.

ఏళ్ల తరబడి ఆమెకు ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకున్న పొడుగామె చెయ్యి ఈ రోలరు కిందే కాలింది. వదినే పరిగెత్తి మెయిను స్విచ్చి లాగింది. రోలరును ఆపే స్టాప్ పట్టీని మోకాలితో నెట్టానని పొడుగామె మొత్తుకుంది. నెట్టలేదు, పరధ్యానంగా ఉందని యజమాని తేల్చేశాడు. ఇక పనిలోకి రానక్కర్లేదని కబురు పంపాడు.

"ఏమైందో తేలిందా?"

మరిది తలెత్తలేదు. "తేలింది వదినా. ఈ పెట్టెలో ఉన్న ప్రాసెసర్ అన్నిటినీ వంతులవారీగా అడుగుతుంది. వేడి ఎంత, స్టాప్ నొక్కారా, ప్రింటర్ సిద్ధమా అని. ఆ రోజు దుప్పట్లకి లేబుళ్లు కొట్టే ప్రింటర్లో కాగితం అయిపోయింది. అది సిద్ధం అనేదాకా ఇది దాని దగ్గరే నిలబడిపోయింది."

"ఇక్కడ మనిషి చెయ్యి కాలుతుంటే, అది కాగితం కోసం కాచుక్కూర్చుందన్నమాట."

"స్టాప్‌కి ఇంటరప్ట్ అని వేరే తీగ ఉండాలి. అది పిలిస్తే ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి చూడాల్సిందే. ఆ తీగ ఇవ్వలేదు."

"ఎవరివ్వలేదు?"

మరిది గొంతు తగ్గించి, "ఇప్పుడు కలిపేస్తాను. యజమానికి మాత్రం పెట్టెలోని బోర్డు బాగానే ఉందని చెప్పమన్నారు మా ఆఫీసువాళ్లు. నా ఉద్యోగం వదినా" అన్నాడు.

"నీది ఉద్యోగం. ఆమెది కాలక్షేపం కాబోలు."

అంతలో యజమాని లోపలికి వచ్చాడు. "ఏం బాబూ, బోర్డు ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

వదిన ప్రింటర్ మూత తీసి కాగితం చుట్ట లాగేసింది. మెయిను వేసి, ఒక దుప్పటిని రోలరులోకి పంపింది. లేబుల్ కొట్టాల్సిన ప్రింటర్ గమ్మున ఉండిపోయింది.

"బాగానే ఉందన్నావుగా. ఇంకో దుప్పటి నువ్వు పెట్టు. నీ చెయ్యి రోలరు దగ్గరకి రాగానే నేను పట్టీ నెడతాను."

"ఏం ఆటలు వదినా ఇవి?"

"నువ్వు చేసిన బోర్డేగా. పెట్టు."

మరిది చేతులు వెనక్కి దాచుకున్నాడు. యజమాని ఒకసారి అతని మొహం వంక, ఒకసారి తిరుగుతున్న రోలరు వంక చూశాడు. దగ్గరికి వెళ్లి తనే మోకాలితో పట్టీ నెట్టాడు. మళ్లీ నెట్టాడు. రోలరు దాని దారిన అది తిరుగుతూనే ఉంది.

"ఆమె నెట్టే ఉంటుందండీ," అన్నాడు మరిది. "తప్పు మాది."

యజమాని మెయిను లాగేశాడు.

"ఆమెను రమ్మని చెప్పమ్మా."

"నేను చెప్పను. పొమ్మన్నది మీరే, రమ్మనాల్సిందీ మీరే. ఆ చెయ్యి చూసి మరీ చెప్పండి."

యజమాని బండి తాళాలు వెతుక్కుంటూ బయటికి నడిచాడు.

"వదినా, నా మీద కోపం..."

"ఉంది. తీగ కలుపు."